చెట్టు పక్కన మనిషి

ఆర్కైవ్స్‌లో ఫోటోల విభాగం చూసేదాన్నని చెబితే నూజివీడులో ఇప్పటికీ చాలామంది "ఓహో, స్టూడియోనా అండీ?" అంటారు. మా ఆడపడుచైతే నేను రిటైరయ్యేదాకా పాస్‌పోర్ట్ ఫోటోలు తీస్తాననే అనుకుంది. కాదు తల్లీ, ఎవరో ఎప్పుడో తీసిన ఫోటోలు పాడైపోకుండా దాచి, అందులో ఏముందో రాసిపెట్టి, అడిగినవాళ్ళకి చూపించే పని అని చెప్తే, దానికి కూడా జీతం ఇస్తారా అంది. ఇస్తారు, ఆలస్యంగా.

ఈమధ్య ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు ఇంటికొచ్చి, మేడం మీ అనుభవాలు రాయండి అని పట్టుబట్టారు. బదిలీలు, ప్రమోషన్లు, ఫైళ్ళ గొడవ నేను రాయను. అవి ఏ ఆఫీసులోనైనా ఒకటే. నేను మర్చిపోలేనివి కొన్ని ఉన్నాయి, అవి రాస్తాను. అందులోనూ రిటైరయ్యే ముందు ఎండాకాలం జరిగింది ఒకటుంది. ఇది చదివి మీలో ఎవరైనా ఈ ఉద్యోగం వద్దనుకుంటే నన్ను తిట్టుకోకండి.

గోడకి అవతల మామిడికాయలు

నేను చేరిన కొత్తల్లో మా ఆఫీసు ఒక అద్దె కొంపలో ఉండేది. అద్దె తక్కువని తీసుకున్నారు. ఎందుకు తక్కువో ఎండాకాలం వచ్చాక తెలిసింది. గోడకి అవతల మామిడికాయలు మగ్గబెట్టే గోడౌన్. అప్పట్లో కార్బైడ్ పొట్లాలు పెట్టి మగ్గబెట్టేవాళ్ళు. వెల్లుల్లి కుళ్ళినట్టు ఒకటే వాసన. మేము ముక్కుకి కొంగు కట్టుకుని పనిచేసేవాళ్ళం.

రెండు మూడు సీజన్లు గడిచేసరికి ఆ గోడవైపు బీరువాలో ఉన్న ఫోటోలు పసుపు తిరిగాయి. నలుపు ఉన్నచోట గోధుమరంగు వచ్చి, పైన నీలం మెరుపు తేలింది. అప్పటి మా ఆఫీసరు చూసి, పాతబడితే పసుపు రాదా అమ్మా అన్నారు. అదే వయసు ఫోటోలు గదికి ఇటువైపు శుభ్రంగా ఉన్నాయి సార్ అని తెచ్చి పక్కన పెట్టినా ఆయన నమ్మలేదు. పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో మీరు చూసే నలుపంతా వెండి. ఆ గోడౌన్ నుంచి వచ్చే గాలి వెండిని తినేస్తోంది. ఈ మాట నేను ఎంత మొత్తుకున్నా, నువ్వు కెమిస్ట్రీ చదివావా అని అడిగారాయన.

చివరికి ఆయన కళ్ళు తెరిపించింది ఆయన పెళ్ళి ఆల్బమే. ఇంట్లో చెదలు పడుతున్నాయని, ఇక్కడైతే భద్రంగా ఉంటుందని తెచ్చి మా బీరువాలో పెట్టుకున్నారు. మరుసటి ఏడాది తీసి చూసుకుంటే పెళ్ళికూతురి మొహం కామెర్లు వచ్చినట్టుంది. ఆయన భార్య ఏమందో మాకు తెలియదుగానీ నెల తిరక్కుండా ఆఫీసు వేరే బిల్డింగ్‌కి మారింది. అన్నాళ్ళు నేను అర్జీలు పెట్టుకుని సాధించలేనిది ఆవిడ ఒక్క పూటలో సాధించింది.

ఆ తర్వాత వచ్చినాయన ఇంకో రకం. నేను సెలవు నుంచి తిరిగొచ్చేసరికి పాత ఫోటోలు ఒక కట్ట తీసుకెళ్ళి ల్యామినేషన్ చేయించేసి, చూడండి ఎలా మెరిసిపోతున్నాయో అని నా చేతిలో పెట్టారు. వేడి రోలర్ల మధ్య పెట్టి ప్లాస్టిక్ అంటించేస్తే ఇక దాన్ని విడదీసే దారి ఉండదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం నేను మురిసిపోతున్నానని అనుకున్నారు. మన పనిలో దొంగల వల్ల పోయినవాటికన్నా ఇలాంటి మంచివాళ్ళ వల్ల పోయినవే ఎక్కువని నా అభిప్రాయం.

అంచులు చూడండి

ఫోటో చూడటం అందరికీ వచ్చనుకుంటారు. రాదు. అందరూ మధ్యలో కుర్చీలో కూర్చున్న పెద్దమనిషిని చూసి పక్కన పెట్టేస్తారు. మీరు ముందు అంచులు చూడండి. తర్వాత కాళ్ళు చూడండి, నేల చూడండి. నీడ ఎటు పడిందో చూస్తే పొద్దున్నో సాయంత్రమో తెలుస్తుంది.

మా ఉంగుటూరులో మా తాతగారి తరం వాళ్ళ ఫోటో ఒకటి ఉండేది. వెనక రాజభవనం, పాలరాతి మెట్లు, పూలకుండీలు. మావాళ్ళు ఆ ఫోటో మద్రాసులో తీయించుకున్నారని చెప్పుకునేవాళ్ళు. నేను ఉద్యోగంలో చేరాక భూతద్దం పెట్టి చూస్తే, బొమ్మ గీసిన ఆ పరదా కింది అంచు కొంచెం లేచి ఉంది. దాని కింద నుంచి గేదె కాలు కనిపిస్తోంది. మా గొడ్లపాకలోనే తీశారన్నమాట. మా నాన్న నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

అది నవ్వుకునే సంగతి. కానీ ఆ అలవాటే, అంచులు చూసే ఆ అలవాటే, తర్వాత నన్ను ఒక మనిషి దగ్గరికి తీసుకెళ్ళింది.

తల్లిచెట్లు

చాట్రాయి వైపు పెద్ద తోటల ఆసామి ఒకాయన ఉండేవారు. ఆయనకి కెమెరా పిచ్చి. ఆయన పోయాక ఇంట్లోవాళ్ళు తోటలమ్ముకుని వెళ్ళిపోతూ ఆయన ఆల్బమ్‌లు మా ఆఫీసుకి ఇచ్చారు. నెగటివ్‌లు అప్పటికే ఎక్కడో పోయాయి. ఉన్నవి ఆ ఆల్బమ్‌లలో అంటించిన ఫోటోలే.

ఆయన అంటుమొక్కలు అమ్మేవారు. అంటు కొనేవాడు ఊరికే కొనడు, ఏ చెట్టు కొమ్మతో కట్టారో ఆ తల్లిచెట్టు చూపించమంటాడు. వచ్చిన ప్రతివాణ్ణీ ఎండలో తోటంతా తిప్పలేక ఆయన ప్రతి తల్లిచెట్టుకీ ఫోటో తీసి పెట్టుకున్నారు. ఉత్త చెట్టుని ఫోటో తీస్తే ఎంత ఎత్తో ఎంత లావో తెలియదు కదా. అందుకని పక్కన మనిషిని నిలబెట్టారు. ఒక చెట్టుకి పొడుగువాణ్ణి, ఇంకో చెట్టుకి పొట్టివాణ్ణి పెడితే కొలత తప్పుతుంది. కాబట్టి అన్ని చెట్లకీ ఒకే మనిషిని నిలబెట్టారు.

ఆల్బమ్ తిప్పుతుంటే చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం, బంగినపల్లి అని కింద ముత్యాల్లాంటి అక్షరాలతో చెట్ల పేర్లుంటాయి. ప్రతి చెట్టు పక్కనా అదే మనిషి. తలగుడ్డ, మోకాళ్ళపైకి కట్టిన పంచె, ఉత్త కాళ్ళు. వానాకాలంలో అయితే తలమీద గోనెపట్టా. ఆ మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. నేను వివరాలు రాసేటప్పుడు "చెట్టు పక్కన ఒక మనిషి" అని రాసుకుంటూ పోయాను. అంతకన్నా నాకు తెలిస్తేగా.

ఒకచోటి నుంచి ఆ మనిషి ఉండడు. అతని బదులు సున్నంతో గీతలు కొట్టిన వెదురుబొంగు చెట్టుకి ఆనించి ఉంటుంది. ఆసామి గారు పద్ధతి మార్చుకున్నారు కాబోలు అనుకున్నాను.

నాంచారమ్మ

పాత రకాల గురించి తెలిసినవాళ్ళని అడిగి రాసుకుందామని ఆ ఎండాకాలం మొదట్లో చాట్రాయి దగ్గర ఒక తోటకి వెళ్ళాను. చెట్టుకింద ఆడవాళ్ళు కూర్చుని కాయలు ఏరుతున్నారు. అందులో ఒకావిడ, అరవై దాటిన మనిషి, నన్ను ఎగాదిగా చూసి ఫోటోల ఆఫీసు నుంచి వచ్చింది మీరేనా అండీ అని అడిగింది. ఆవిడ పేరు నాంచారమ్మ.

చేతులు తుడుచుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. వాళ్ళ నాన్న పేరు నాంచారయ్య. ఆసామి గారి తోటలో పనిచేసేవాడు. కాయలు కోస్తూ చెట్టు మీంచి పడి చనిపోయాడు. అప్పటికి ఈవిడ ఇంకా కడుపులో ఉంది. పుట్టాక తండ్రి పేరే పెట్టారు. తండ్రి ఎలా ఉంటాడో ఈవిడకి తెలియదు, ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఆసామి గారు ఫోటోలు తీసేటప్పుడు మీ నాన్ననే చెట్ల పక్కన నిలబెట్టేవాళ్ళు అని వాళ్ళమ్మ చెప్పేదట. వాళ్ళమ్మ ఒకసారి ధైర్యం చేసి వెళ్ళి ఒక్క ఫోటో ఇమ్మని అడిగితే, అవి చెట్ల ఫోటోలే, మీ ఆయన ఫోటోలు కావు అన్నారట. వాళ్ళమ్మ కూడా పోయి చాలాకాలమైంది.

వెదురుబొంగు ఎందుకొచ్చిందో అప్పుడర్థమైంది. మనిషి పడిపోతే బొంగు పెట్టుకుని ఫోటోలు తీసుకుంటూ పోయారు. నేను ఆ పేజీలు ఎన్నిసార్లు తిప్పి ఉంటానో.

"నా ముక్కు మా అమ్మది కాదండీ," అంది నాంచారమ్మ. "ఊళ్ళో అందరూ అంటారు. మరి ఎవరిదో ఒక్కసారి చూసుకోవాలని ఉంది."

ఒకటి కాదు, కావలసినన్ని చూపిస్తానని చెప్పాను. నాకు కంటికి శుక్లాల ఆపరేషన్ ఉంది, అది అయ్యాక ఆఫీసుకి రమ్మన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను అంత సంతోషంగా ఇచ్చిన మాట ఇంకోటి లేదు.

నీడ ఉంది

ఆపరేషన్ అయి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళేసరికి మా ఆఫీసరు, అప్పటికి కొత్తగా వచ్చిన కుర్రాయన, చాలా హుషారుగా ఉన్నారు. నేను లేనప్పుడు విజయవాడ నుంచి సుధాకర్ అనే కాంట్రాక్టరు వచ్చి ఫోటోలన్నీ స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టేశాడట. ఎంతోకాలంగా అవ్వని పని ఇన్నాళ్ళకి అయిందని నేనూ సంతోషించాను. అబద్ధం చెప్పను.

ఆ వారంలోనే నాంచారమ్మ వచ్చింది. సీజన్ మధ్యలో పని మానుకుని, ఉతికిన చీర కట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. కుర్చీ వేసి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఇదిగోండి మీ నాన్న అని మొదటి ఫోటో తెరిచాను.

చెట్టు ఉంది. అద్దంలా స్పష్టంగా, ఆకు ఆకు లెక్కపెట్టుకునేట్టు ఉంది. పక్కన మనిషి లేడు.

ఆపరేషన్ అయిన కన్ను కదా, నాకే సరిగ్గా ఆనడంలేదనుకున్నాను. కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాను. రెండోది తెరిచాను. చెట్టే. మూడోది. చెట్టే. అతను నిలబడాల్సిన చోట గడ్డి, ఆకులు, మాను, అన్నీ ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు అమర్చి ఉన్నాయి.

నాంచారమ్మ మర్యాదస్తురాలు. కాసేపు చూసి, "చెట్టు బాగుందండీ. మా నాన్నేడండీ?" అంది.

అప్పుడు నా చూపు నేలమీదికి పోయింది. చెట్టు పాదులో ఒక నీడ పడి ఉంది. మనిషి నీడ. తలగుడ్డ ఎత్తుగా, భుజాలు, మాను వైపు చాచిన చెయ్యి, అన్నీ తెలుస్తున్నాయి. ఆ నీడ మొదలవ్వాల్సిన చోట మనిషి లేడు, గడ్డి ఉంది. మనిషిని చెరిపినవాళ్ళకి నీడ చెరపాలని తోచలేదు. నాంచారమ్మ కూడా చూసింది. తెర దగ్గరికి వంగి, వేలు పెట్టి, ఇది ఎవరి నీడండీ అని అడిగింది.

సుధాకర్‌కి ఫోన్ చేశాను. పాపం అతను గర్వంగా చెప్పాడు. క్లీనింగ్ కూడా ఫ్రీగా చేశారట. చెట్లకి అడ్డంగా ఎవరో మనిషి ఉంటే కంప్యూటరే గుర్తుపట్టి తీసేసి, ఆ ఖాళీలో చెట్టుని నింపేస్తుందట, ఒక్క బటనేనట. మరి చెరపకముందు స్కాన్ చేసినవి ఇవ్వు బాబూ అన్నాను. పని అప్పగించాక అవి ఉంచుకోరట, హార్డ్ డిస్క్‌లో చోటు చాలదట.

సరే, ఆల్బమ్‌లు ఉన్నాయి కదా, పోయిందేముంది అని లోపలికి పరిగెత్తాను. బీరువా ఖాళీ. మా ఆఫీసరు గదిలోకి వెళ్ళి అడిగాను. ఉంచితే చెదలు పడతాయి, స్కాన్ అయిపోయాక ఇంకెందుకని పాత పేపర్లతో పాటు వేలంలో ఇచ్చేశారట. నేను జరిగింది చెప్పాను, ప్రతి ఫోటోలోంచీ మనిషిని చెరిపేశారని చెప్పాను. ఆయన నిజంగానే అర్థంకాక చూశారు.

"ఎవరు మేడం ఆయన?" అన్నారు.

"తోటలో కూలికి పనిచేసిన మనిషి సార్."

"మరి?" అన్నారు.

ఆయన చెడ్డమనిషి కాదు. పేరున్న మనిషెవరైనా అయి ఉంటే కంగారుపడదామని సిద్ధంగానే ఉన్నారు. కూలిమనిషని తెలిశాక ఇందులో గొడవేముందో ఆయనకి అందలేదు, అంతే. ఇన్నేళ్ళలో ఆఫీసులో నేను గొంతు పెంచింది ఆ ఒక్కరోజే. బయట బెంచీ మీద నాంచారమ్మ కూర్చుని ఉందని, ఆవిడకి అంతా వినపడుతుందని తెలిసి కూడా అరిచాను.

హనుమాన్ జంక్షన్ నుంచి వెనక్కి

వేలంలో పాడుకున్నది హనుమాన్ జంక్షన్‌లో పాత కాగితాల వ్యాపారి. మీరు ఇంటికెళ్ళండి, నేను వెళ్ళి చూసొస్తానంటే నాంచారమ్మ వినలేదు. ఇద్దరం ఆటో కట్టించుకుని వెళ్ళాం. లారీల రొదలో ఆ వ్యాపారికి రెండుసార్లు చెప్తేగాని అర్థంకాలేదు. ఆ మందం అట్టలా, అవి వచ్చిన రోజే పోయాయండీ, సీజన్ కదా, మీ నూజివీడు వాళ్ళే మామిడిపెట్టెలకి పట్టుకెళ్ళారు అన్నాడు. అంటే మా ఆఫీసు నుంచి ఇక్కడిదాకా వచ్చి, మళ్ళీ మా ఊరికే వెళ్ళాయి.

అదే ఆటోలో వెనక్కి వచ్చి ఊరిబయట ప్యాకింగ్ షెడ్డుకి వెళ్ళాం. లోపల అడుగు పెట్టగానే కనపడ్డాయి. ఆల్బమ్ పేజీలు, ఆ నల్లటి మందపాటి అట్టలు, పెట్టె అడుగున ఒకటి, వరసకి వరసకి మధ్య ఒకటి. వాటిమీద తెల్ల సిరాతో చిన్నరసం, చెరుకురసం అని ఆయన రాసుకున్న పేర్లు. ఆ పేర్లమీద కాయలు పేరుస్తున్నారు. అక్కడే ఉన్న పెట్టె మీద కూర్చుండిపోయాను.

అట్టలమీద ఫోటోలు లేవు. అడిగితే అక్కడి మేస్త్రీ, ఫోటో కాగితం నునుపు కదమ్మా, అది తగిలితే కాయకి చెమ్మ పడుతుంది, అందుకే పీకి పారేశాం అన్నాడు. ఎక్కడ పారేశారంటే షెడ్డు వెనక చూపించాడు. గడ్డి, కుళ్ళినకాయలు, కాయలు కడిగిన నీళ్ళు, అందులో ఫోటోలు. వాళ్ళని నేనేమీ అనను. చెత్తని కొనుక్కున్నారు, చెత్తలా వాడుకున్నారు. చెత్త అని అమ్మింది మేము.

నాంచారమ్మ చీర ఎగదోపుకుని ఆ గుట్టలో దిగింది. విడిగా పడినవి ఎండకి చుట్టచుట్టుకుపోయి, మామిడిసొన పడిన చోటల్లా కాలినట్టు మచ్చలు, ఒక్కదాంట్లోనూ మొహం మిగల్లేదు. ఒకదానిమీద ఒకటి పడినవి తడికి అతుక్కుని ముద్దకట్టాయి. ఒక జంటని ఆవిడ రెండువేళ్ళతో పట్టి లాగింది. విడిపోయాయి. చెట్టు పక్కన మనిషి ఉన్నాడు, మొహం ఉండాల్సిన చోట తెల్లకాగితం. మొహం పొర ఊడి రెండోదాని వీపుకి అంటుకుపోయింది, చిన్న చిన్న పొట్టు ముక్కలుగా.

ఆవిడ ఇంకో జంట అందుకుంటుంటే మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

"లాగొద్దు నాంచారమ్మగారూ. మీ చేత్తో మీరే చెరిపేసుకుంటారు."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. మిగిలిన నాలుగు ఫోటోల ముద్దని చెక్కుచెదరకుండా ఎత్తి, ఆటో అతని తువ్వాలు తడిపి అందులో చుట్టాం. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి: తడిసిన ఫోటోలు ఎండలో ఆరబెట్టకండి, అలా ఆరితే రాయిలా బిగుసుకుపోతాయి. తడిగానే తెచ్చుకోవాలి.

ఐసునీళ్ళు

అతుక్కున్న ఫోటోలని విడదీసేది నీళ్ళే. మంచి నీళ్ళలో నానబెట్టి, ఓపికపట్టి, వాటంతట అవి వదిలేదాకా కూర్చోవాలి. కానీ ఫోటోమీద పొర జిగురులాంటిది. వేడినీళ్ళలో ఉబ్బి జారిపోతుంది. మా ఆఫీసు కుళాయిలో, ఎండకి కాగిన ట్యాంకు నుంచి, పప్పు ఉడికేంత వేడినీళ్ళు వస్తాయి. ఎదురుగా జ్యూసు బండి దగ్గర ఐసు తెచ్చి పింగాణి పళ్ళెంలో వేశాను. ఆ బండి అతను నా నల్లకళ్ళద్దాలు చూసి, కంటి ఆపరేషన్ అయింది కదమ్మా, మీరు చల్లనివి తాగొచ్చా అని అడిగాడు.

ఇద్దరం చెరోవైపు కూర్చున్నాం. నా వేళ్ళు మొద్దుబారిపోతుంటే తీసి చీరకి తుడుచుకుంటున్నాను. నాంచారమ్మ పళ్ళెంలోకే చూస్తోంది. మొదట వదిలింది వెదురుబొంగు ఉన్నది. పక్కన పెట్టాను. రెండోదాంట్లో మోకాళ్ళ దాకా ఉంది, పైన ఏమీ లేదు. మూడోదాంట్లో చెట్టుకొమ్మలు మిగిలాయి, కింద సగం ఖాళీ. ఇక మిగిలింది ఒక్కటే. బోర్లా ఉన్న దాన్ని నీళ్ళలోనే వెల్లకిలా తిప్పి, కింద అరచెయ్యి పెట్టి పైకెత్తాను. ఆ క్షణంలో నాకు భయమేసింది, చూడటానికి.

మనిషి ఉన్నాడు. ఒక మూల సొన మచ్చ, అంతే. మొహం ఉంది.

రెండు పంగలుగా చీలిన మాను పక్కన నిటారుగా నిలబడ్డాడు. ఎండకి కళ్ళు చికిలించాడు. ఒక చెయ్యి తొడకి అదిమిపెట్టుకున్నాడు, కదలొద్దని చెప్పి ఉంటారు. రెండో చెయ్యి వేళ్ళు విప్పి మానుమీద ఆనించాడు. మీసం ఇంకా సరిగ్గా రాలేదు.

"ఇంత చిన్నోడా అండీ!" అంది నాంచారమ్మ.

వాళ్ళమ్మ చెప్పే మాటల్లో పెద్దమనిషిని ఊహించుకుంది ఆవిడ. ఇంతకాలం ఆయనకి దణ్ణం పెట్టుకుంది. ఇప్పుడు చూస్తే ఆవిడ మనవడి ఈడు కుర్రాడు. తన ముక్కు తనే వేళ్ళతో తడుముకుంది, ఫోటోలోకి చూసింది, మళ్ళీ తడుముకుంది. తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆపరేషన్ అయిన కన్ను, ఏడవకూడదని డాక్టరు చెప్పారు.

ఆ వెబ్‌సైట్‌లో మిగతా చెట్లన్నీ ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ప్రతి చెట్టు కిందా మనిషిలేని నీడ. తీసేయమని రాశాను, కనీసం ఇవి మార్చిన ఫోటోలని కిందనైనా రాయమన్నాను, రిటైరయ్యే రోజు కూడా రాసి ఇచ్చాను. చూసినవాళ్ళు చాలా బాగున్నాయని మెచ్చుకుంటున్నారట. మీలో ఎవరికైనా ఆ కుర్చీ దొరికితే ముందు ఆ పని చేయండి. కంప్యూటర్ల మీద నాకు కోపం లేదు. శుభ్రం చేయడమనే మాట వింటేనే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. ఫోటోలో ఏది అడ్డమో తేల్చడం మన పని కాదు. ఉన్నదంతా, అంచుతో సహా, మచ్చతో సహా ఉంచాలి. ఒక్క గోరంత కూడా కొయ్యకూడదు. నా దగ్గర పనిచేసిన ప్రతివాళ్ళకీ ఈ మాట విసుగొచ్చేదాకా చెప్పాను.

కత్తెర

అసలు ఫోటో ఆరబెట్టి, స్కాన్ చేసి, మంచి కాగితం మీద ప్రింటు తీసి నాంచారమ్మ చేతిలో పెట్టాను. ఫ్రేము కట్టించుకోండి, తడి తగలనివ్వకండి అని చెప్తున్నాను. ఆవిడ ఆ ప్రింటు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి, మొహమాటపడుతూ అడిగింది.

"మేడం గారూ, ఇందులో ఈ చెట్టు తీసేసి ఇవ్వగలరా అండీ?"

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. ఇంతసేపు మేమిద్దరం పడిన పాట్లు దేనికి, మనిషిని చెరిపేశారనే కదా. ఇప్పుడు ఈవిడే చెరపమంటోంది. అలా చేయకూడదమ్మా, ఫోటో ఎలా ఉన్నది అలాగే ఉండాలి, అని నా పాఠం మొదలుపెట్టాను.

ఆవిడ సగంలో ఆపింది. "ఈ చెట్టు మీంచే పడ్డాడండీ," అంది.

రెండు పంగల చెరుకురసం చెట్టు, మోటారు షెడ్డు పక్కన ఉండేదట. వాళ్ళమ్మ పనికి వెళ్ళేటప్పుడు ఈవిడని చంకనేసుకుని ఆ దారిన పోతూ, అదిగో అదే అని చూపించేదట. తర్వాత ఈవిడ కూడా ఏళ్ళ తరబడి ఆ చెట్టుకింద కూర్చుని కాయలు ఏరింది, వేరే దారిలేక. దాన్ని కొట్టేసినరోజు ఇంటికెళ్ళి తలస్నానం చేసిందట. మేము ఇన్నేళ్ళూ బీరువాలో పెట్టి, చెదలు పట్టకుండా కాపాడి, ఆకు ఆకు కనపడేట్టు దాచింది ఆ చెట్టుని.

"దీన్ని మా ఇంట్లో గోడకి పెట్టుకోలేనండీ," అంది నాంచారమ్మ.

అసలు ఫోటో బీరువాలో భద్రంగా ఉంది, ఈ ప్రింటు ఆవిడది. సొరుగు తీసి కత్తెర ఇచ్చాను. నేను కోయలేకపోయాను, ఆవిడనే కోసుకోమన్నాను. కాయలు తొడిమల దగ్గర కోసే చెయ్యి అది, వణకలేదు. తలగుడ్డ చుట్టూ తిప్పింది, భుజం మీదుగా దించింది, కొమ్మలు, ఆకులు ముక్కలుగా బల్లమీద పడ్డాయి. మాను మీద ఆనించిన చేతి దాకా వచ్చి కత్తెర ఆగింది. వేళ్ళ సందుల్లో, అరచేతి చుట్టూ అంతా ఆ చెట్టు బెరడే.

ఇక్కడెట్టా అండీ అన్నట్టు నావైపు చూసింది. మణికట్టు దగ్గర కోసేయొచ్చు, గోడమీద పెడితే తెలియదు అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. కత్తెర దూరంగా జరిపి, చేతి చుట్టూ తిప్పి కోసింది. అరచేతి కింద అంతమేర చెట్టు మిగిలింది. ప్రింటు కొంగులో చుట్టుకుని, బస్సు టైమయిందండీ అని లేచింది.